యాకీం రెండోసారి ఊదిన బూర

కెఫర్ తెయేన అనే పల్లెలో యాకీం మాటను ఎవరూ లెక్కచేసేవారు కాదు. అతని బూర మాటను మాత్రం ధర్మశాస్త్రం చెప్పే రబ్బీ దగ్గర్నుంచి మేకలు కాసేవాడి దాకా అందరూ వినాల్సిందే.

అతను సమాజమందిరపు పరిచారకుడు. పేరు పెద్దదే, చేసేది చాకిరీ. ధర్మశాస్త్రం రాసిన తోలు చుట్టలకు పురుగు పట్టకుండా చూసుకోవాలి. చాపలు దులపాలి. పిల్లల చేత అక్షరాలు దిద్దించాలి. సోమవారం, గురువారం న్యాయసభ కూర్చుంటుంది. సభ ఎవరికైనా దెబ్బలు వేయమంటే తోలు కొరడా పట్టేదీ యాకీమే. పొద్దున పిల్లవాడి తల నిమిరిన చెయ్యి మధ్యాహ్నం వాడి నాన్న వీపు మీద పడేది. అందువల్ల ఊళ్ళో అతనికి శత్రువులు లేరు, స్నేహితులూ లేరు. కొరడా పట్టుకున్నవాడిని ఎవరూ తిట్టరు, భోజనానికీ పిలవరు.

ఇన్ని పనుల్లో అతను మనసు పెట్టి చేసింది ఒక్కటే, బూర ఊదడం. శుక్రవారం పొద్దు వాలేవేళకు పొట్టేలు కొమ్ము చేత్తో పట్టుకుని మందిరం మిద్దె ఎక్కేవాడు. ఊళ్ళో అంతకన్నా ఎత్తైన కప్పు లేదు. మొదటిసారి ఊదితే పొలాల్లో ఉన్నవాళ్ళు పారలు దింపేవారు. రెండోసారి ఊదితే అంగళ్ళు మూతపడేవి. ఆ తర్వాత చిన్న చేప ఒకటి నిప్పుల మీద కాలేంత సేపు ఆగి, మూడోసారి ఊదేవాడు. ఆడవాళ్ళు దీపాలు వెలిగించేవారు, పప్పు కుండను వేడి ఆరకుండా గడ్డిలో కప్పెట్టేవారు. అంతే, విశ్రాంతి దినం వచ్చేసినట్టే. ఇక ఎవరూ నిప్పు ముట్టరు, బరువు మోయరు, ఊరి ఎల్లరాయి దాటి అడుగు వేయరు. బయట ఉన్నవాడు ఎక్కడుంటే అక్కడే ఆగిపోవాలి. ఆఖరికి ఆ బూరను కూడా కిందికి మోసుకురాకూడదు. అందుకే మిద్దె పిట్టగోడలో దానికోసం ఒక గూడు ఉండేది. యాకీం మూడోసారి ఊది, బూరను ఆ గూట్లోకి తోసి, ఖాళీ చేతులతో దిగేవాడు. మర్నాడు చుక్కలు పొడిచేదాకా దాన్ని తాకేవాడు కాదు. ఆ ఖాళీ చేతులంటే అతనికి ఎంతో ఇష్టం. వారం మొత్తంలో అతని చేతులు ఖాళీగా ఉండేది అప్పుడే.

ఈ పనిలో అతన్ని పెట్టించింది హలఫ్తా. ఈ మాట మరిచిపోతే మిగతా కథ అర్థం కాదు.

యాకీం తండ్రి సున్నపురాయి తొలిచి గిన్నెలు చేసేవాడు. యాకీంకు ఆ పని అబ్బలేదు. తొలిచిన గిన్నెల్లో సగం చిల్లులే. కుర్రతనంలో ఒకసారి తప్పిపోయిన మేకను కొండ మీంచి పిలిచాడు. ఆ అరుపు సరస్సు నుంచి ఉప్పు, ఎండుచేపలు గాడిద మీద వేసుకుని వస్తున్న హలఫ్తా చెవిన పడింది. గాడిద బెదిరిపోయింది. హలఫ్తా కోపంగా కొండెక్కి చూసి, ఆ అరుపు ఈ బక్కవాడిదా అని నవ్వాడు. "ఒరేయ్, నీ ఊపిరి రాళ్ళ మీద పాడుచేయకు. దానికో కొమ్ము తోడైతే సిప్పోరి పట్నం దాకా వినిపిస్తుంది," అని చెయ్యి పట్టుకుని మందిరానికి తీసుకెళ్ళాడు. తర్వాత తన చెల్లెలు షప్పీరానూ ఇచ్చి పెళ్ళి చేశాడు. "అరిచావంటే గాడిదతో తన్నిస్తాను, జాగ్రత్త," అన్నాడు పెళ్ళి పందిట్లో. యాకీం షప్పీరా మీద ఎప్పుడూ అరవలేదు. అరవాల్సినదంతా బూరలోంచే పోయేది.

పెళ్ళయిన కొన్నేళ్ళకు అది జరిగింది. కెఫర్ తెయేన కొండల మధ్య గిన్నె అడుగున ఉన్నట్టుంటుంది. పడమటి కొండ వెనక్కి పొద్దు తొందరగా జారిపోతుంది. తూర్పు మిట్ట మీద నిలబడినవాడికి మాత్రం ఇంకా కాసేపు కనిపిస్తుంది. ఎల్లరాయి ఉన్నది ఆ మిట్ట మీదే. ఒక శుక్రవారం హలఫ్తా సరస్సు నుంచి ఆలస్యంగా వస్తున్నాడు. రాయికి అవతల ఉండగా మూడో బూర వినిపించింది. ఎదురుగా చూస్తే పొద్దు కొండ మీదే ఉంది. బూర తొందరపడిందనుకుని రాయి దాటి, బరువుతో ఉన్న గాడిదను తోలుకుంటూ ఊళ్ళోకి వచ్చేశాడు. ఇద్దరు చూశారు. సోమవారం సభ ముందు నిలబెట్టారు.

"నేను మిట్ట మీదున్నాను రబ్బీ. పొద్దు ఇంకా పోలేదు. కళ్ళారా చూశాను," అన్నాడు హలఫ్తా.

"బూర విన్నావా లేదా?" అన్నాడు రబ్బీ ఎల్యాషీబు. ఊరికి పెద్ద ఆయన. ఒలీవ గానుగ ఉంది, సరిహద్దుల తగాదాలు తీర్చిన అనుభవం ఉంది, జాలి మటుకు లేదని పేరు.

"విన్నాను. కానీ పొద్దు..."

"ఈ ఊళ్ళో బూరే పొద్దు. మనిషికో పొద్దు ఉంటే ఇక విశ్రాంతి దినం ఎందుకు?"

అది తప్పు మాటేమీ కాదు. తలా ఒక పొద్దు పెట్టుకుంటే ఊరు ఊరుగా ఉండదు. ఆ పొద్దు ఎంత ఎత్తున ఉందని మాత్రం హలఫ్తాను ఎవరూ అడగలేదు. బూర ఊదిన యాకీంనూ ఎవరూ ఏమీ అడగలేదు. కొరడా తెమ్మన్నారు, అంతే.

మెల్లగా కొడితే చుట్టరికం చూపించాడంటారు, గట్టిగా కొడితే బావ మీద పగ తీర్చుకున్నాడంటారు. యాకీం గట్టిగానే కొట్టాడు. ఆ రోజు నుంచి హలఫ్తా చెల్లెలి గడప తొక్కలేదు. ఉప్పు అమ్ముకుంటూ వీధంతా తిరిగేవాడు, ఆ గుమ్మం రాగానే కేక ఆపి, దాటాక మళ్ళీ అందుకునేవాడు. అన్న ఊళ్ళో ఉప్పు అమ్ముతుండగా షప్పీరా పరాయి ఊరివాడి దగ్గర ఉప్పు కొనేది. ఒక్కసారి కూడా మొగుణ్ణి ఏమీ అనలేదు. కూరలో ఉప్పు తక్కువైన రోజున మాత్రం "సరిపోకపోతే చెప్పు, ఉప్పు ఎక్కడ దొరుకుతుందో ఊరందరికీ తెలుసు," అనేది.

ఇక అసలు సంగతి. తేబేతు నెల, చలి ఎముకలు కొరికే కాలం. ఆ శుక్రవారం మధ్యాహ్నం నుంచే నల్లటి మబ్బు కమ్మింది. పొద్దు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. అలాంటి రోజు ఏం చెయ్యాలో పాత పరిచారకుడు యాకీంకు నేర్పే పోయాడు: ఊళ్ళో ఉంటే కోళ్ళను చూడు, పొలంలో ఉంటే కాకులను చూడు, అవి గూళ్ళకు చేరాయంటే పొద్దు పోయినట్టే. షప్పీరా కోళ్ళు ఒక్కొక్కటే రెక్కలు దులుపుకుని దూలం ఎక్కాయి. యాకీం బూర అందుకున్నాడు.

"ఏమయ్యా, అప్పుడేనా? పప్పు ఇంకా పలుకుగానే ఉంది," అంది షప్పీరా.

"కోళ్ళు ఎక్కాయి."

"వాటికేం, ఉరుమంటే భయం. నీకేమైంది?"

అతను వినిపించుకోలేదు. మిద్దె ఎక్కి ఒకసారి ఊదాడు. రెండోసారి ఊదాడు. చేప కాలేంత సేపు ఆగి మూడోసారి ఊదాడు. బూరను గూట్లో పెట్టి దిగాడు. చినుకులు మొదలయ్యాయి. ఇళ్ళల్లో దీపాలు వెలిగాయి.

కాసేపటికి గాలి తిరిగింది. మబ్బు పడమటి వైపు చీలింది. ఆ చీలికలోంచి పొద్దు బయటికొచ్చింది. అదీ కొండ అంచున కాదు, దానికి బాగా పైన, కొండకూ దానికీ మధ్య ఇంకో కొండ పట్టేంత ఎత్తున. ఊరంతా ఎండ. ప్రతి ఇంట్లోనూ ఆ ఎండలో వెలవెలబోతూ విశ్రాంతి దినపు దీపం. దూలం మీది కోళ్ళు దిగి వచ్చి, యాకీం వాకిట్లో ఏమీ ఎరగనట్టు గింజలు ఏరుకుంటున్నాయి.

ఎదురు మిద్దె మీంచి ముసలి హగ్గీతు అరిచింది. "యాకీమూ! మీ కోళ్ళు ఎవరి దగ్గర చదువుకున్నాయయ్యా? ఎల్యాషీబు దగ్గరా, రాత్రి వచ్చిన ఆ చెప్పులు కుట్టే రబ్బీ దగ్గరా?"

ఆ చెప్పులు కుట్టే రబ్బీ పేరు పెలత్యా. సరస్సు ఒడ్డు నుంచి వచ్చాడు. ఈ ఊళ్ళో విశ్రాంతి దినం గడిపి, మందిరంలో నాలుగు మాటలు చెప్పి పోదామని దిగాడు. వయసు చిన్నది, నోరు పెద్దది. ఎల్యాషీబు కఠినంగా తీర్పు చెప్పే షమ్మాయి వారి పాఠం చదువుకున్నవాడు, ఇతను సడలింపు ఇచ్చే హిల్లేలు వారి పాఠం. ఇద్దరూ ఒక గిన్నెలో తిన్నా ఒక మాట మీద నిలబడరని నిన్న రాత్రి భోజనాల దగ్గరే ఊరికి అర్థమైపోయింది.

యాకీం కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని తూర్పుకు చూస్తున్నాడు. మిట్ట మీద, సున్నం కొట్టిన ఎల్లరాయి పక్కన, ఒక గాడిద. పక్కనే నేల మీద ముడుచుకుని ఒక మనిషి. ఒంటి చెవి గాడిద ఊళ్ళో ఒక్కటే ఉంది.

"షప్పీ, మీ అన్న," అన్నాడు.

షప్పీరా అప్పటికే లోపలికి పరిగెత్తింది. ఆ ఏడు చలికాలం అంతా హలఫ్తాకు రొమ్ము పట్టేసి దగ్గు వస్తోందని ఊరికంతా తెలుసు. దుప్పటి చేత్తో పట్టుకెళితే మోసినట్టవుతుంది. అందుకని భుజాల మీదుగా కట్టుకుంది. అప్పుడది దుస్తులు వేసుకున్నట్టు లెక్క. దాని మీద మొగుడి పై గుడ్డ కూడా కట్టుకుంది. పీపాలా తయారై ఆమె ముందు, యాకీం వెనక మిట్ట ఎక్కారు.

హలఫ్తా రాయికి గాడిద పొడవంత దూరంలో ఆగిపోయాడు. ఉప్పు మూటలు తాళ్ళు విప్పి నేల మీదికి జారవిడిచాడు. అవి తడిసి, కింద తెల్లగా కారుతున్నాయి. అతనూ తడిసిపోయి ఉన్నాడు.

"అన్నా, రా అన్నా. పొద్దు చూడు ఎంతుందో!" అంది షప్పీరా. రాయి దగ్గర ఆగిపోయింది. దాటి అడుగు వేయాలంటే ఆమెకూ ధైర్యం లేదు. దుప్పటి విప్పి ఇద్దామన్నా చెయ్యి అందదు, విసిరినా మోసినట్టే.

హలఫ్తా చెల్లెల్ని చూసి కళ్ళు దించుకున్నాడు. తర్వాత యాకీంను చూశాడు.

"బూరయ్యగారు కూడా వచ్చారా? సాక్ష్యానికా?"

"బావా, తప్పు నాది. మబ్బు చూసి మోసపోయాను. లే, ఒక్క అంగ వేస్తే ఇవతలికి వస్తావు."

"ఒక్క అంగకే కదా మొన్న నా వీపు చీరావు?"

"మొన్నేంటి బావా, ఎన్నేళ్ళయింది..."

"నీ చేతికి ఎన్నేళ్ళయిందో. నా వీపుకి మొన్నే." దగ్గు వచ్చింది. వంగిపోయి దగ్గి, నోరు తుడుచుకున్నాడు. "ఆ రోజు పొద్దుందన్నాను. బూరే పొద్దన్నారు. సరే, నేర్చుకున్నాను. ఇవాళ బూర విన్నాను, కూర్చున్నాను. ఇప్పుడేమో పొద్దుంది రమ్మంటున్నారు. మీకు ఎప్పుడు ఏది కావాలంటే అది పొద్దా?"

"అన్నా, నీళ్ళు కారుతున్నాయి నీ ఒంటి మీంచి. చచ్చిపోతావు."

"చావట్లేదమ్మా, దగ్గుతున్నాను. రెండూ వేరు." తడి గుడ్డ దగ్గరికి లాక్కుని మెల్లగా అన్నాడు: "నువ్వు ఇంటికి పో షప్పీ. నన్ను కూర్చోబెట్టింది బూర. లేపితే అదే లేపాలి. వీడూ కాదు, ఎల్యాషీబూ కాదు."

ఈ మనిషి రేపు చుక్కలు పొడిచేదాకా ఈ చలిలో, ఈ తడి గుడ్డల్లో ఇక్కడే కూర్చుంటాడని యాకీంకు అర్థమైంది. కూర్చుంటే ఆదివారం అతన్ని మోసుకెళ్ళాల్సి వస్తుందని కూడా అర్థమైంది. పొద్దు వైపు చూశాడు. ఇంకా కొంచెం ఉంది. పంచె ఎగ్గట్టి కిందికి పరుగు తీశాడు. ఆ వయసులో పరిచారకుడు అలా పరిగెత్తడం ఊరు ఎప్పుడూ చూడలేదు. విశ్రాంతి దినాన పరిగెత్తడమూ తప్పేనని ఒకరిద్దరు అనుకునే ఉంటారు.

మందిరం మెట్ల మీద ఎల్యాషీబు, పెలత్యా, చుట్టూ సగం ఊరు. వాదం అప్పటికే మంచి వేడి మీదుంది.

"బూర ఊదారు, దీపాలు పెట్టారు. విశ్రాంతి దినమనే రాణి ఇంట్లోకి వచ్చింది," అంటున్నాడు ఎల్యాషీబు. "వచ్చిన రాణిని నీ లెక్క తప్పింది, బయట కూర్చో అంటావా?"

"ఆవిడ ఇంకా రాలేదు రబ్బీ! మనమే ఎవర్నో చూసి తలుపు తీశాం," అన్నాడు పెలత్యా. "పొరపాటున ఇచ్చిన మాట మాట కాదు. వాకిట్లో గాడిదను చూసి తనదే అనుకుని ఒకడు దేవాలయానికి ఇచ్చేశానన్నాడు. తీరా చూస్తే అది పక్కింటివాడిది. ఇప్పుడు పక్కింటివాడు గాడిదను పోగొట్టుకోవాలా?"

"గాడిదకీ విశ్రాంతి దినానికీ పోలిక తెచ్చావంటే మీ బళ్ళో ఏం చెబుతున్నారో తెలుస్తూనే ఉంది."

జనం నవ్వారు. పెలత్యా కూడా నవ్వాడు. ఇద్దరికీ ఆ వాదం రుచి తగిలింది. పై మిట్ట మీద ఎవడున్నాడో ఆ క్షణంలో ఇద్దరికీ గుర్తు లేదు. చదువుకున్నవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది.

"రబ్బీ," అన్నాడు యాకీం, ఎగశ్వాసతో. "బావ రాయి అవతల కూర్చున్నాడు. రానంటున్నాడు."

"ప్రాణం మీదికి వచ్చిందా?" అన్నాడు పెలత్యా వెంటనే. "వచ్చిందంటే వాదమే లేదు, వెళ్ళి ఎత్తుకు రండి."

"రాలేదంటున్నాడు. తనే అంటున్నాడు. ఎత్తబోతే కొడతాడు కూడా. బూర చెబితే లేస్తాడట."

"అయితే ఊదు! పొద్దు కనిపిస్తూనే ఉందిగా," అన్నాడు పెలత్యా. అన్నాక ఎల్యాషీబు మొహం చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "నా మట్టుకు నేనైతే అలా చెబుతాను. కానీ నేను అతిథిని. ఈ ఊరికి రబ్బీ ఆయన."

అందరూ ఎల్యాషీబు వైపు చూశారు. యాకీంకు ఆయన గానుగ తెలుసు, ఆయన కోపం తెలుసు. ఇప్పుడు ఆ మొహంలో ఉన్నది కోపం కాదు.

"ఇవాళ పొద్దు మాటే నిజమంటే," అన్నాడు ఎల్యాషీబు మెల్లగా, "ఆ రోజు కూడా పొద్దు మాటే నిజం. అవునా యాకీం?"

"అవును రబ్బీ."

"అప్పుడు ఆ మనిషిని మనం ఊరికే కొట్టాం."

"తెలీదు రబ్బీ. కొట్టి ఉండొచ్చు. ఆ పొద్దు ఎంత ఎత్తున ఉందో మనం అడగలేదు."

పెలత్యా ఏమీ అర్థం కాక ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"నేను ఊదమని చెప్పను," అన్నాడు ఎల్యాషీబు. "ఊరందరికీ దినం వచ్చిందని చెప్పి, దీపాలు పెట్టించి, కాసేపయ్యాక రాలేదని చెబితే వచ్చే వారం ఎవరు నమ్ముతారు? వాన పడితే ఒకసారి, ఎండ కాస్తే ఒకసారి ఊదుతారా? గూట్లోంచి ఆ బూర తీస్తే నువ్వు ఈ మందిరానికి పరిచారకుడివి కావు. అది గుర్తుపెట్టుకుని ఎక్కు."

ఎక్కొద్దని అనలేదు. ఆ సంగతి యాకీం మెట్ల మీద సగం దూరం వెళ్ళాక గానీ గ్రహించలేదు.

మిద్దె మీద గాలి కోస్తోంది. గూడు ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో మూడో ఊదు తర్వాత ఆ గూట్లోకి అతను చెయ్యి పెట్టలేదు. కిందనున్న జనం, మిద్దెల మీది ఆడవాళ్ళు, ఎండలో వెలుగుతున్న దీపాలు, అన్నీ అతన్నే చూస్తున్నట్టుంది. విశ్రాంతి దినం నిజంగా వచ్చే ఉంటే? దేవుడు గాలితో మబ్బు చీల్చి తనను పరీక్షిస్తుంటే? అతనికి ధర్మశాస్త్రం అంత లోతుగా తెలియదు. చుట్టలు దులపడమే తెలుసు. తెలిసిందల్లా ఒకటే. ఎదురుగా పొద్దు ఉంది, తూర్పున తడిసిన మనిషి ఉన్నాడు, ఈ రెంటికీ మధ్య నిలిచిన అబద్ధం తన నోటి నుంచి వచ్చింది.

బూర తీశాడు. తీసి మొదటి ఊదు ఊదాడు, పొలంలో ఉన్నవాళ్ళకు ఊదేది. ఇంకా శుక్రవారమే అని అర్థం. ఊదు తర్వాత మిద్దె మీంచే అరిచాడు, చిన్నప్పుడు మేకను పిలిచిన గొంతుతో: "ఇందాక తప్పు ఊదాను! పొద్దు పోలేదు!"

మొదట ఎక్కడా కదలిక లేదు. తర్వాత హగ్గీతు ఇంట్లోకి పోయి, "అయితే నా రొట్టె ఇంకా పచ్చిదే," అని గొణుక్కుంటూ పొయ్యి ఊదింది. కొందరు దీపాలు ఆర్పారు. కొందరు ఆర్పలేదు. గడ్డిలోంచి కుండలు బయటికొచ్చాయి, కొన్ని రాలేదు. ఆ రోజు కెఫర్ తెయేనలో సగం ఇళ్ళు శుక్రవారంలో, సగం ఇళ్ళు విశ్రాంతి దినంలో ఉన్నాయి.

మిట్ట మీద హలఫ్తా లేచి నిలబడ్డాడు. కానీ వెంటనే రాలేదు. కింద పడేసిన ఉప్పు మూటలు ఒక్కొక్కటే ఎత్తి గాడిద మీద పెట్టాడు. తాళ్ళు బిగించాడు. ఒక ముడి నచ్చక విప్పి మళ్ళీ కట్టాడు. శుక్రవారమే కదా, పని చేసుకోవచ్చు అన్నట్టు. పొద్దు కొండను తాకుతోంది. మిద్దె మీద యాకీం "కదులు బావా, కదులు," అని గొణుగుతున్నాడు. హలఫ్తా గాడిదను తట్టి, రాయి దాటి, ఇవతల నిలబడ్డాడు. షప్పీరా దుప్పటి విప్పి అతని మీద కప్పింది. అంత దూరం నుంచి ఇద్దరూ ఒకే ముద్దలా కనిపించారు.

వెనక మెట్ల మీద ఆయాసపడుతున్న చప్పుడు వినిపించింది. ఎల్యాషీబు. మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి ఆ మిద్దె ఎక్కని మనిషి. వచ్చి పిట్టగోడ మీద కూలబడ్డాడు. పడమటికి చూస్తూ కూర్చున్నాడు. యాకీం బూర ఇవ్వబోయాడు.

"నాకెందుకు? నాకు ఊపిరేది?" అన్నాడు ఎల్యాషీబు. "చూడు, ఇంకా ఉంది."

ఇద్దరూ చూశారు. పొద్దు ఎర్రగా కొండలోకి దిగుతోంది. ఊరి మీద నీడ పడింది, తూర్పు మిట్ట మీద ఎండ మిగిలే ఉంది. అంత ఎండ మిగులుతుందని ఎల్యాషీబు ఎప్పుడూ ఇక్కడి నుంచి చూసినట్టు లేదు. చాలాసేపు ఆ మిట్ట వైపే చూశాడు. తర్వాత, "ఇప్పుడు," అన్నాడు.

యాకీం ఊదాడు.

సోమవారం సభ కూర్చుంది. పెలత్యా అప్పటికే సరస్సుకు వెళ్ళిపోయాడు. యాకీం చాపలు పరిచి, కొరడా తెచ్చి ఎల్యాషీబు ముందు పెట్టి, దాని పక్కన బూర పెట్టాడు.

"రబ్బీ, బూరను మళ్ళీ తాకడం తప్పయితే ఇదిగో కొరడా. ఇంకెవరికైనా ఇచ్చి నన్ను కొట్టించండి. తప్పు కాదంటే ఆ రోజు మా బావ మీద నేను ఈ కొరడా పట్టాల్సింది కాదు. రెండూ ఒప్పు కాలేవు. ఏదో ఒకటి చెప్పండి."

ఎల్యాషీబు హలఫ్తాను పిలిపించాడు. హలఫ్తా దుప్పటి కప్పుకునే వచ్చాడు, షప్పీరా దుప్పటి.

"ఆ రోజు," అన్నాడు ఎల్యాషీబు, "నువ్వు రాయి దాటినప్పుడు పొద్దు ఎంత ఎత్తున ఉంది?"

ఇన్నేళ్ళుగా ఈ జవాబును హలఫ్తా కళ్ళాల్లో చెప్పాడు, సరస్సు ఒడ్డున చెప్పాడు, ఎవరూ లేనప్పుడు ఒంటి చెవి గాడిదకూ చెప్పాడు. సభలో అందరూ వాళ్ళ వాళ్ళ చెవులు సిద్ధం చేసుకున్నారు. హలఫ్తా దుప్పటి సర్దుకున్నాడు.

"ఆ మాట అప్పుడడగాల్సింది రబ్బీ," అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఇప్పుడడిగితే నా వీపు చెబుతుంది, కళ్ళు చెప్పవు."

ఎవరి సెలవూ అడక్కుండా బయటికి వెళ్ళిపోయాడు. ఎల్యాషీబు గడ్డం మీద చెయ్యి వేసుకుని కూర్చుండిపోయాడు. చివరికి యాకీం వైపు చూడకుండానే అన్నాడు:

"కొరడా ఇక్కడే ఉండనీ. బూర తీసుకెళ్ళు."

అది తీర్పో, శిక్షో, క్షమాపణో సభలో ఎవరికీ తెలియలేదు. ఎల్యాషీబుకైనా తెలుసా అంటే చెప్పలేం. కొరడా ఆ తర్వాత ఇంకెవరి చేతికో పోయింది. యాకీం బూర నడుముకు దోపుకుని ఇంటిదారి పట్టాడు. మబ్బు రోజున ఇకమీదట కోళ్ళ మాట వినకూడదని, మిట్ట మీద ఒక మనిషిని నిలబెట్టి, పొద్దు పోయాకే గుడ్డ ఊపించాలని ఆలోచించుకుంటూ నడుస్తున్నాడు. వీధి మలుపు తిరిగేసరికి కేక వినిపించింది.

"ఉప్పో! తడి ఉప్పో! మా బావ కోళ్ళు తడిపిన ఉప్పో!"

కేక అతని గుమ్మం దగ్గరికి వచ్చింది. ఇక్కడ ఆగిపోతుందనుకున్నాడు యాకీం. ఆగలేదు. ఇంకా గట్టిగా వినిపించింది. వాకిట్లో ఒంటి చెవి గాడిద, కాళ్ళ మధ్య కోళ్ళు, చేతిలో రాతిగిన్నె పట్టుకుని షప్పీరా.

"ఇది ఉప్పా, సున్నం ముద్దా?" అంటోంది. "ఇంత గడ్డకట్టినదాన్ని ఎవరు కొంటారు?"

"ఏళ్ళ తరబడి పరాయివాడి దగ్గర ఇసుక కొన్నదానివి, నువ్వా ఉప్పు గురించి మాట్లాడేది?"

"కొలత సరిగా పోయి. గిన్నె మీద చెయ్యి తియ్యి అన్నా."

హలఫ్తా గిన్నె నిండా పోసి, అంచు దాటి కుప్పగా ఇంకో గుప్పెడు వేశాడు. వేసి, తల ఎత్తకుండానే అన్నాడు: "ఏం బావా, గుమ్మంలో నిలబడిపోయావు? ఇవాళ సోమవారమే కదా, నేను లోపలికి రావచ్చా, లేక బూర ఊదాకే రావాలా?"